సున్నపు గుల్లలు

నీళ్ళు కాచే కెటిల్ అడుగున తెల్లగా పేరుకున్న పెచ్చు మీద ఆమె వెనిగర్ పోసింది. టీలో పొలుసులు తేలితే అత్తగారికి పడదు. "సైన్సు చదివిన కోడలున్న ఇల్లు, కెటిల్ చూస్తే సున్నపు బట్టీ" అని పొద్దున్నే ఒక విసురు విసిరారు పెద్దావిడ. వెనిగర్ పడగానే పెచ్చు బుసబుసా నురగ కక్కింది. కాసేపటికి కెటిల్ అడుగు తళతళలాడింది. ఆమె మాత్రం వెనిగర్ సీసాకి మూత పెట్టడం మరిచిపోయింది.

సున్నం పులుపుకి నిలవదు. ఆ సంగతి ఆమెకి ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. మరి సీసాల దగ్గర ఎందుకు తట్టలేదు?

సముద్రపు నీటి పరిశోధనశాలలో పదకొండేళ్ళుగా ఆమెది ఒకటే పని. మైక్రోస్కోపు ముందు కూర్చుని, నీళ్ళలో తేలే, కంటికి ఆనని ప్లాంక్టన్ జీవులను లెక్కపెట్టాలి. అక్కడందరూ ఆమెను లెక్కలమ్మ అంటారు. ఆ ప్లాంక్టన్‌లో కొన్నిటి గుల్లలు గాజు జాతివి, ఇసుకలో ఉండే సిలికాతో కట్టుకున్నవి. కొన్నిటివి సున్నపువి, సుద్దముక్కలో ఉండే పదార్థమే. చిన్న చిన్న బిళ్ళలు ఒంటినిండా అతికించుకుని బంతుల్లా ఉంటాయి. ఎవరితోనూ అనలేదు గానీ, ఆమెకి ఆ సున్నపువంటేనే ముద్దు. సముద్రం నుంచి తెచ్చిన నీళ్ళలో అవి కుళ్ళకుండా ఫార్మలిన్ మందు కలిపి సీసాల్లో నిలవ చేస్తారు. ఫార్మలిన్ నిలవుండేకొద్దీ పులుపెక్కుతుంది. అందుకని అందులో పులుపును విరిచే వెలిగారం వెయ్యాలి, ప్రతి సోమవారం పులుపు తగిలితే రంగు మారే కాగితం ముంచి చూడాలి, అవసరమైతే మరికాస్త వెయ్యాలి. ఈ పని ఎవరి విధుల జాబితాలోనూ లేదు. ఇంట్లో ఉప్పు డబ్బా నింపినట్టు ఆమే చేసుకుపోతోంది. డబ్బా ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంటే, నింపేదెవరని ఏ మహానుభావుడు అడుగుతాడు?

ఈ మధ్య అత్తగారికి తుంటి విరిగింది. "నాకు సెలవు దొరకదు. నీదేముంది, సీసాలు ఎక్కడికీ పారిపోవు" అన్నాడు భర్త. ఆడపడుచు ఫోన్‌లోనే కళ్ళు తుడుచుకుంది. నలభై రోజులు ఈమే సెలవు పెట్టింది. వెళ్ళేముందు పరిశోధనశాల పెద్దాయనకి వెలిగారం సంగతి చెప్పింది. "సరేనమ్మా, ఎవరో ఒకరు చూస్తారులే" అన్నాడాయన. అయినా నమ్మకం చాలక సీసాల బీరువా తలుపుకి ఆ మాటే రాసిన కాగితం కూడా అంటించి వెళ్ళింది.

తిరిగొచ్చాక, ఇంకా సోమవారం రాకముందే, ఈ ఏడాది సీసాలు లెక్కపెడితే గాజు గుల్లలు ఎప్పటిలాగే ఉన్నాయి, సున్నపువి ఎప్పుడూ ఉండేవాటిలో పదింట ఒకటి కూడా లేవు. తన కళ్ళు మసకబారాయేమోనని అనుమానించింది, అద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. సీసాలను మాత్రం అనుమానించలేదు. ఏది తప్పినా ముందు తననే తడుముకోవడం ఆమెకి ఇంట్లో అయిన అలవాటు. పెద్దాయన ఆ లెక్క చూసి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "సముద్రమే మారిపోతోందమ్మా." ఇవాళ మూడింటికి బయటి నిపుణుల ముందు అది చదవబోతున్నాడు. నివేదిక మీద పేరు ఆయనది. ఆఖరి పేజీలో సహాయక సిబ్బందికి కృతజ్ఞతలు.

ఆమె టిఫిన్ కూడా తినకుండా బయల్దేరింది. బీరువా తలుపుకి తన కాగితం అలాగే వేలాడుతోంది. వెలిగారం డబ్బా మూత బిగుసుకుపోయి ఉంది. ఒక్కో సీసాలో రంగు మారే కాగితం ముంచింది. ప్రతి సీసా పులుపే చూపించింది. గుల్లలు కరిగింది సముద్రంలో కాదు, ఈ బీరువాలో.

భర్తకి ఫోన్ చేసింది. అతను మొత్తం విన్నాడు, అదొక్కటే మేలు. "నువ్వు సెలవు పెట్టబట్టే పాడయ్యాయంటారు. ఉద్యోగం మీదికి తెచ్చుకోకు. అయినా నీకెందుకు, మాట్లాడేది ఆయన కదా" అన్నాడు. తర్వాత, "సాయంత్రం అమ్మని డాక్టర్‌కి చూపించాలి, గుర్తుందిగా" అన్నాడు.

గుర్తుంది. అన్నీ గుర్తుండటమే కదా తన ఖర్మ అనుకుంది. నోరు మూసుకుంటే ఏ గొడవా లేదు. కానీ లేని చావుకి లెక్క రాసిచ్చింది తన చెయ్యి. రేపు ఎవరైనా మంచి సీసా తెచ్చి లెక్కపెడితే ఏమవుతుంది? ముంచిన కాగితాలు తీసుకుని పెద్దాయన గది తలుపు తట్టింది.

రంగు మారిన కాగితాలు బల్ల మీద పరిస్తే ఆయన ముఖం పాలిపోయింది. "ఇన్నాళ్ళూ ఎవరు చూసేవాళ్ళు?"

"నేనే సార్."

"నీ పనుల్లో లేదే?"

"లేదండీ."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "మూడింటికి నేనేదో ఒకటి చెప్పాలమ్మా. నువ్వు సెలవులో ఉండటం వల్ల జాగ్రత్త తప్పిందని నాలుగు ముక్కలు రాసివ్వు. నీకేం కాకుండా నేను చూసుకుంటాను."

పదకొండేళ్ళలో ఆమె ఆ గదిలో ఎన్నడూ కూర్చోలేదు. ఇవాళ కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం తీసుకుని, సున్నపు గుల్లలు తగ్గాయనడానికి ఈ సీసాలు సాక్ష్యం కావని రాసింది. పదకొండేళ్ళుగా వీటిని కాపాడింది తనేనని రాసింది. కింద ఇంకో వాక్యం రాసింది: "నేను సెలవులో ఉన్న నలభై రోజులు ఈ పని చూడవలసినవారు." పక్కన ఒక పేరు పట్టేంత ఖాళీ వదిలి, అడుగున సంతకం పెట్టి, కాగితాన్నీ కలాన్నీ ఆయన ముందుకు జరిపింది.

"ఆ పేరు మీరు రాయండి సార్. రాసేదాకా నేనిక్కడే ఉంటాను."