అడగకుండా తెరుచుకున్న డ్రాయింగు

అయినా తన డ్రాయింగు ఫైలేదని ఎందుకు అడగలేదు, జెస్మార్‌ది అడిగింది, కిటికీ పక్కన కూర్చునే కొత్త పిల్లది అడిగింది, తనది మాత్రం పొద్దున నొక్కగానే కిక్కురుమనకుండా తెరుచుకుంది, నవ్వుకుంది కూడా తను, పనిమంతురాలి డ్రాయింగు అలాగే ఉంటుందని, ఆఫీసు ఎదుటి హోటల్లో జెనలిన్ చేతిలో కొబ్బరాకు పొట్లంలో ఉడికిన అన్నం ఉంది, సగం విప్పింది, ఎదురు బల్ల దగ్గర జెస్మార్ చేపల పులుసు జుర్రుతూ ఇంకా దాని గురించే వాగుతున్నాడు, స్ట్రక్చర్ వాళ్ళు ఎవడికీ చెప్పకుండా ఫోల్డర్ మార్చి పారేశారక్కా, నా షీటు తెరిస్తే స్లాబు ఉండాల్సిన చోట ఖాళీ, ఫైలు దొరకలేదు దొరకలేదు అని ఒకటే గోల, మళ్ళీ దారి చూపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది, నీకూ అంతేనా, లేదురా, నాది చక్కగా తెరుచుకుంది, అంది, నీకేమక్కా, నీ కంప్యూటర్ మీద బాలయేసు బొమ్మ ఉంది, మా నెత్తిన ఎవరున్నారు, అని వాడు నవ్వాడు, తనూ నవ్వబోయింది, నోట్లో ముద్ద నమలడం ఆపేసింది.

దొరకకపోతే అడుగుతుంది, దొరికితే అడగదు, దాని గుణమే అంత, ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉంది, తనకు తెలియనిదా, పైపుల డ్రాయింగులో స్లాబును తను గియ్యదు, గీసేది స్ట్రక్చర్ వాళ్ళు, వాళ్ళ ఫైలు ఎక్కడుందో ఆ దారి మాత్రం తన డ్రాయింగులో రాసి ఉంటుంది, తెరిచినప్పుడల్లా అది ఆ దారిన పోయి వాళ్ళు చివరగా ఏం గీసి ఉంటే అది తెచ్చి కింద పరుస్తుంది, దాని మీద తను పైపులు వేసుకుంటుంది, మరి ఆ దారే చెడిపోయి ఉంటే పొద్దున తన పైపుల కింద పరుచుకున్న స్లాబు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు, అన్నం వదిలేసి లేచింది, ఏమైందక్కా, ముల్లు గుచ్చుకుందా, అని వెనక నుంచి జెస్మార్, రోడ్డు దాటింది, లిఫ్టు పనిచెయ్యదు, మెట్లు, దారి చెడితే అది ముందు తన పక్కనే వెతుక్కుంటుంది, డ్రాయింగు ఉన్న ఫోల్డర్లోనే అదే పేరుతో ఏదైనా ఉంటే అదే అనుకుని పట్టుకొస్తుంది, పేరు చూస్తుంది తప్ప తేదీ చూడదు, కానీ తన ఫోల్డర్లో స్ట్రక్చర్ ఫైలు ఎందుకుంటుంది, ఉండదు, ఉండకూడదు, తుఫాను, తను మెట్ల మధ్యలో ఆగిపోయింది, తుఫాను వస్తోందని తెలిసిన సాయంత్రం అందరూ కావలసిన ఫైళ్ళన్నీ సద్దిమూట కట్టుకున్నట్టు ల్యాప్‌టాపుల్లోకి సర్దుకున్నారు, కరెంటు లేని ఆ రోజుల్లో మాల్లో, జనరేటర్ హోరులో, గచ్చు మీద కూర్చుని పని చేశారు, తనూ స్లాబు ఫైలు తీసి తన డ్రాయింగు పక్కనే పెట్టుకుంది, కరెంటు వచ్చాక ఆ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు ఆఫీసు సర్వర్‌లోకి ఎక్కించింది, ఆ నకలు తీసేసిందా, తీసేసే ఉంటుంది, తను అంత మతిమాలిన మనిషా, తీసేసినట్టు మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

మీ గీత మీద ఒట్టేనా మేడమ్, అని పొద్దున ఆసుపత్రి సైటు నుంచి ఫోను, డ్రిల్లు మిషను పట్టే మనిషిది, క్రిసాంతో అని వాడి పేరు, పైపుల కోసం స్లాబుకు కన్నం వేసే ప్రతిసారీ అదే మాట, ఆసుపత్రి కట్టడం మొదలైనప్పటి నుంచీ అదే మాట, తను కాఫీ కలుపుకుంటూ, ఒట్టే, వేసుకో, అంది, అయితే సరే, తప్పయితే మా ఆవిడకి జన్మంతా మీరే వండిపెట్టాలి, దానికి ఉప్పు ఎక్కువుండాలి, అని వాడు, పో పోవయ్యా, అని తను, నవ్వులు, ఆ స్లాబులో మామూలు చువ్వలే ఉంటే పోనీ అనుకోవచ్చు, కేబుళ్ళున్నాయి, కాంక్రీటు గట్టిపడ్డాక జాకీలు పెట్టి లాగి బిగించినవి, తెగితే ఊరికే తెగవు, కాంక్రీటును చీల్చుకుని లేస్తాయి, పోయినేడు వంతెన అవతల ఏదో కట్టడంలో ఒకటి తెగితే మిషను మీద వంగి ఉన్న మనిషికి మోకాలి కింద ఏమీ మిగల్లేదట, ఆ సంగతి చెప్పిందీ క్రిసాంతోనే, ఎండుమామిడి పొట్లం తన బల్ల మీద పెడుతూ చెప్పాడు, తుఫాను తర్వాత బాత్రూములు జరిపారు, బాత్రూములతో పాటు కేబుళ్ళూ జరిగాయి, స్లాబు పోసింది ఆ కొత్త వరస ప్రకారమే, తన దగ్గర ఉన్న నకలు తుఫానుకు ముందుది, స్లాబు లోపల ఏముందో చూసే మిషను రిపేరుకు పోయింది, వచ్చేదాకా ఆగుదామా అని క్రిసాంతో అడిగితే, డ్రాయింగు ఉండగా మిషనెందుకయ్యా, జెనలిన్ గీతకు తిరుగు లేదు, అన్నాడట సైటు ఇంజనీర్ బాకల్సో, ఆ మాట విని పొద్దున ఎంత మురిసిపోయింది, భోజనాలవగానే మొదలుపెడతామన్నారు, భోజనాలు అయిపోయే ఉంటాయి.

ఆఫీసులో ఎవరూ లేరు, ఏసీ హోరు ఒక్కటే, కుర్చీలో కూర్చోకుండానే డ్రాయింగు తెరిచింది, మళ్ళీ అంతే నంగనాచిలా తెరుచుకుంది, అది తెచ్చి కింద పరిచిన రిఫరెన్సు ఫైళ్ళ జాబితా తెప్పించింది, అన్నిటి పక్కనా దొరికింది దొరికింది అనే ఉంది, పొద్దున చూసింది ఈ మాటే, ఇంత మాత్రమే చూసి ఊరుకుంది, ఎక్కడ దొరికిందో చెప్పే గడి పక్కనే ఉంది, దాన్ని చూడాలన్న బుద్ధి పుట్టలేదు, ఇప్పుడు చూసింది, తన ఫోల్డర్ పేరు, తన పేరుతో ఉన్న ఫోల్డర్, స్ట్రక్చర్ వాళ్ళ కొత్త ఫైలుకు దారి చూపించి తన పైపుల కింద పరిచింది, కేబుళ్ళ గీతలన్నీ ఒక్కసారిగా పక్కకు జరిగాయి, కన్నాలు వెయ్యమని పొద్దున తను సున్నాలు చుట్టిన చోట, ఖాళీ అనుకున్న చోట, సున్నాల నడిమధ్య నుంచి కేబుళ్ళు పోతున్నాయి.

క్రిసాంతోకి ఫోను చేసింది, మోగింది, మోగి మోగి ఆగింది, మళ్ళీ చేసింది, ఎత్తడేం, ఎత్తు నాయనా, ఎలా ఎత్తుతాడు, ఫోను చొక్కా జేబులో, చెవుల్లో దూది, రెండు చేతులూ మిషను పిడి మీద, మోకాళ్ళ మీద కూర్చుని ఛాతీ బరువంతా దాని మీద వేసి నొక్కుతాడు, పడుకోబెట్టిన బిడ్డను జోకొట్టినట్టుంటుంది మేడమ్, అంటాడు, మళ్ళీ చేసింది, మోగుతోంది, ఎడమచెయ్యి మౌసు మీదకు పోయింది, ఆ నకలు ఇంకా అక్కడే ఉంది, తుఫాను నాటి తేదీతో, దీన్ని చెరిపేస్తే, చెరిపేసి డ్రాయింగు మళ్ళీ తెరిస్తే తనదీ అందరిదానిలాగే దొరకలేదనే అడుగుతుంది, అప్పుడు తప్పు ఎవరిది, చెప్పకుండా ఫోల్డర్ మార్చిన స్ట్రక్చర్ వాళ్ళది, జెస్మార్ సాక్షి, ఆఫీసంతా సాక్షి, పోయిన నెలే తనను చెకర్‌ను, అందరి డ్రాయింగులూ సరిచూసే మనిషిని చేశారు, తనకు ముందున్న ఆవిడ ఒక్క తప్పుతో బల్ల ఖాళీ చేసి పోయింది, ఆవిడ వదిలేసి పోయిన మొక్కకు ఇప్పటికీ తనే నీళ్ళు పోస్తోంది, ఫోను మోగి ఆగింది, మళ్ళీ చేసింది, నేను చేస్తూనే ఉన్నాను కదా, వాడు ఎత్తకపోతే నేనేం చెయ్యను, చేస్తూనే ఉన్నాను, ఫోనులో ఉంటుంది ఎన్నిసార్లు చేశానో, ఎవరైనా చూసుకోవచ్చు, అనుకుంది, ఆ అనుకున్న మాట తనకే వినబడింది.

ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరు చూస్తారు, ఎందుకు చూస్తారు, చూడాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది, జెనలిన్ మౌసు వదిలేసింది, ఫోనులో వరసగా క్రిసాంతో, క్రిసాంతో, క్రిసాంతో, దాని కింద బాకల్సో, పొద్దున మాట్లాడిన పేరు, ఆ కట్టడం కిందనే రేకుల గదిలో కూర్చుంటాడు, ఎప్పుడు చేసినా మొదటి రింగుకే ఎత్తుతాడు, పై అంతస్తులన్నిటి కరెంటు మీటలూ ఆయన కుర్చీ వెనక గోడకే ఉన్నాయి, నొక్కింది, మొదటి రింగుకే ఎత్తాడు, చెప్పు జెనలిన్, ఏంటీ వేళలో, ఆయన గొంతు వెనక పైనుంచి డ్రిల్లు గీపెడుతోంది, వినబడుతోంది, ఇంకా వినబడుతోంది, కరెంటు తీసెయ్యండి ఇంజనీర్ గారూ, ముందు తీసెయ్యండి, నా డ్రాయింగు తప్పు, కేబుల్ మీద వేస్తున్నాడు, తప్పు నాది, నా ఫైలే, గడగడా అనేసింది, అంటుండగానే మోత ఆగిపోయింది, హమ్మయ్య అని కుర్చీలో కూలబడింది, ఏంటీ, ఏమన్నావు, ఆ మోతలో ఒక్క ముక్క వినబళ్ళేదమ్మాయ్, ఇప్పుడు ఆగిందిలే, చెప్పు, అంటున్నాడు బాకల్సో, తాపీగా, కుర్చీలోంచి లేవనే లేదు, మీట మీద చెయ్యి వెయ్యనే లేదు, మరి పైన డ్రిల్లును ఆపిందెవరు, ఎవరో పైనుంచి మెట్లు దిగి పరిగెత్తుకొస్తున్న చప్పుడు ఫోనులో దగ్గరవుతోంది, ఈ నంబరు ఎత్తుతారని తనకు మొదటి నుంచీ తెలుసు, చేపల పులుసు ముందు కూర్చున్నప్పుడే తెలుసు, మెట్లెక్కుతున్నప్పుడూ తెలుసు, ఇంతసేపూ తను ఫోను ఎత్తలేని మనిషికే చేస్తూ కూర్చుంది.