తవుడు గీత

దయారత్నానికి ఒక రోగముంది. ఏ యంత్రం కనబడినా దాని లోపలేముందో తెలుసుకోకపోతే నిద్ర పట్టదు. ఇంగ్లండులోని స్టీవెనేజ్‌లో కాపురం పెట్టిన కొత్తల్లోనే ల్యాండ్‌లార్డ్ గారి వాషింగ్ మెషీన్ విప్పేసి, భార్య హెప్సి చేత చీవాట్లు తిన్నాడు. హెప్సి ఆస్పత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం మీదే కూతురు జెస్లిన్‌తో సహా అందరూ ఈ దేశం వచ్చారు. అతను తెనాలి ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్ పట్టుకొచ్చి, ఇక్కడో ఇంజనీరింగ్ కంపెనీలో హెల్పరుగా కుదిరాడు. స్పానర్లు అందించడమే పని. మెషీన్ల మూతలు తీసేది వేరేవాళ్లు. తీసినప్పుడల్లా మెడ చాచి చూడటం, "ఇదెందుకలా తిరుగుతోంది?" అని అడగటం, "తర్వాత చెప్తాంలే" అనిపించుకోవడం, ఇదీ వరస.

అలాంటి మనిషికి కాలేజీవాళ్లు ఆశ చూపించారు. ఆ పాత సర్టిఫికెట్‌నీ, ఊళ్లో రైస్ మిల్లులో చేసిన పనినీ లెక్కలోకి తీసుకుని రెండేళ్ల ఫౌండేషన్ డిగ్రీలో మొదటి ఏడాది మాఫీ చేస్తారట. నేరుగా రెండో ఏడాదిలో కూర్చోవచ్చు. కాకపోతే కాలేజీ మేడమ్ ఎదురుగా కూర్చుని, తను చేసిన పని గురించి చెప్పి ఒప్పించాలి. కంపెనీ మేనేజరేమో ముందే తేల్చేశాడు. "వారానికో రోజు చదువుకి వదులుతాను. కానీ ఒక్క ఏడాదికే. రెండేళ్లంటే కుదరదు." ఆ మాఫీ రాకపోతే డిగ్రీ లేదు, మూత తీసే ఉద్యోగమూ లేదన్నమాట.

మేడమ్ పేరు లిండా. "మీరు బాగుచేసిన మెషీన్ ఏదైనా ఉంటే చెప్పండి" అంది.

దయారత్నం గొంతు సవరించుకుని, మిల్లులో జల్లెడ మెషీన్ పాడైన సంగతి మొదలెట్టాడు. "అంతా దేవుని కృపండి. మా మేస్త్రి రాజారావు గారి చలవ. తోటి పనివాళ్లు కూడా బాగా సాయం చేశారు."

"సంతోషం. మీరేం చేశారు?"

"నాదేముందండీ! ప్రభువు నన్ను వాడుకున్నాడు, అంతే."

ఆవిడ తిప్పి తిప్పి అడిగింది. అడిగినప్పుడల్లా రాజారావు గారే వచ్చి కూర్చున్నారు. చివరికి లిండా పెన్ను మూసేసింది. "ఆ రాజారావు గారొస్తే ఆయనకి ఇచ్చేస్తాను. మీకివ్వడానికి మాత్రం నాకేం దొరకలేదు. వచ్చే గురువారం ఇంకొక్కసారి రండి. అదే ఆఖరు."

ఇంటికొచ్చి చెప్పేసరికి హెప్సి నెత్తి కొట్టుకుంది. "రాజారావు గారా? ఆ వారమంతా ఆయన గుంటూరులో పెళ్ళిలో ఉన్నారని మీరేగా చెప్పారు!"

"సాక్ష్యంలో నేను, నేను అంటే ఏం బావుంటుంది హెప్సీ?"

"అది సాక్ష్యమేంటండీ బాబూ, ఇంటర్వ్యూ!"

హెప్సి కోపం సబబే. అలాగని అతన్నీ పూర్తిగా తప్పుపట్టలేం. చిన్నప్పట్నుంచీ ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పి పెరిగిన నాలుక అది. ఒకసారి ఊళ్లో ఒకాయన "నేను కష్టపడి ప్రమోషన్ తెచ్చుకున్నాను" అన్న పాపానికి, ఆ ఊరి పాస్టరు గారు అక్కడికక్కడే ఆపి అతిశయం గురించి పెద్ద ప్రసంగం చేశారు. పాపం ఆయన తల దించుకుని కూర్చోవడం చూసిన పిల్లల్లో దయారత్నం ఒకడు.

జెస్లిన్‌కి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. "డాడ్, వాట్ డిడ్ యూ సీ ఫస్ట్?" అంది.

ఏం చూశావనేసరికి అతని మొహం విప్పారింది. పళ్ళెంలో శనగపిండి చల్లి, తిరుగుతున్న వాషింగ్ మెషీన్ మీద పెట్టాడు. పిండి గంతులేస్తూ వెళ్లి ఒక గీతలా పోగుపడింది. "జల్లెడ పక్క రేకు మీద తవుడు కూడా ఇట్టాగే గీత కట్టేదమ్మా. రోజూ ఒకే చోట. ఒకరోజు చూద్దును కదా, ఆ గీత జానెడు పక్కకి జరిగింది! ఎందుకు జరిగిందా అని ఆ వైపు బోల్టులన్నీ బిగించా. లాభం లేదు. బేరింగ్ విప్పితే, అరిగిపోయి ఉంది. అది మార్చాకే జల్లెడ దారికొచ్చింది."

"సో హూ సా ఇట్? గాడ్?"

"దేవుడు కళ్ళిచ్చాడమ్మా."

"అండ్ హూ లుక్డ్?"

దయారత్నం పళ్ళెంలోని గీత వైపు చూశాడు. "నేనే" అన్నాడు. అనేసి సిగ్గుపడ్డాడు.

గురువారం శనగపిండి పొట్లంతో సహా వెళ్లాడు. కాలేజీ వర్క్‌షాపులో తిరుగుతున్న మోటారు మీద పళ్ళెం పెట్టి, "నేను చూశాను. తప్పు బోల్టులు బిగించిందీ నేనే, బేరింగ్ విప్పిందీ నేనే" అని చెప్పుకొచ్చాడు. "నేను" అన్నప్పుడల్లా చెవులు వేడెక్కాయి.

లిండా పిండి మీదికి వంగింది. "ఇంతకీ బేరింగ్ అరిగితే గీత ఎందుకు జరిగింది?"

"అదే తెలియదండి. ఎంతమందిని అడిగానో, ఎవరూ చెప్పలేదు. రెండో ఏడాదిలో చెప్తారా?"

ఆవిడ చాలాసేపు రాసుకుంది. తలెత్తి, "ఆ పాఠం జనవరిలో చెప్తాం, క్లాసులు మానకుండా రండి" అంది. దయారత్నానికి ఆ మాట అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్ళు తుడుచుకున్నాడు.

ఆదివారం ఇక్కడి తెలుగు చర్చిలో పాస్టరు గారు పిలిచారు. "మన బ్రదర్‌కి కాలేజీలో సీటొచ్చింది. సాక్ష్యం చెప్తారు."

దయారత్నం లేచాడు. "ప్రభువుకే మహిమ. మా రాజారావు గారి..." అని ఆగిపోయాడు. ముందు వరసలోంచి జెస్లిన్ కళ్ళార్పకుండా చూస్తోంది. "రాజారావు గారు ఆ వారం గుంటూరులో ఉన్నారండి. ప్రభువు కళ్ళిచ్చాడు. చూసింది నేను."

పాస్టరు గారి చెయ్యి మైకు వైపు లేచింది. "ఆమెన్!" అంది జెస్లిన్, అచ్చమైన ఇంగ్లీషు యాసలో. వెంటనే హెప్సి కూడా గట్టిగా అంది. "ఏం చూశాట్ట?" అని వెనకనుంచి ఎవరో ఆంటీ అడిగింది. ఇక చెప్పక తప్పలేదు. జల్లెడ, తవుడు, జానెడు జరిగిన గీత, అన్నీ చెప్పాడు.

పాస్టరు గారు మైకు అందుకున్నారు. దయారత్నం తల దించుకోబోయాడు.

"ఇంతకీ ఆ గీత ఎందుకు జరిగిందంటారు బ్రదర్?"

దయారత్నం తలెత్తాడు. "జనవరిలో నేనే చెప్తానండి" అన్నాడు.