ఎడమకు లాగే బండి

నమ్మకం లేనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. సగంలో నవ్వితే మాత్రం ఊరుకునేది లేదు.

ఆవిడ రోజూ పొద్దున్నే భర్త కారు తుడిచేది. తుడవడం పేరుకే. అసలు పని సీట్లు వాసన చూడటం. కొన్నాళ్లుగా ఆయన చేతిలో ఉంటే చాలు, దర్జీల వీధి మలుపులో ఆ కారు ఎడమకు లాగుతోంది. అక్కడ ఎవతో ఉందని తేలితే మర్నాటినుంచి కాపురం చెయ్యకూడదని ఆవిడ తీర్మానం.

కారు తీసుకుని మెకానిక్ పానా బాబాయి షెడ్డుకెళ్లింది. బాబాయంటే సామాన్యుడా? నాలుగు వీధుల అవతల నట్టు వదులైతే, దానికి ఏ సైజు పానా కావాలో పడుకునే చెప్పగలడు. బండి కింద దూరాడు.

"స్టీరింగు తిప్పు తల్లీ."

తిప్పింది.

"స్టీరింగు కడ్డీ చివర పళ్లచక్రం తిరుగుతోంది. అది పళ్లపట్టీని పక్కకి జరుపుతోంది. పట్టీకి అటూఇటూ ఉన్న రాడ్లు టైర్లని తిప్పుతున్నాయి. అలైన్‌మెంటు దారం కట్టి చూసినట్టు తిన్నగా ఉంది." బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "లాగేది బండి కాదు. మీ ఆయన."

"నా చేతిలో తిన్నగానే పోతుంది మరి."

"మనసు లాగినవైపే స్టీరింగు లాగుతుంది. దానికి రిపేరేముంటుంది?"

"అయితే సాయంత్రం వెనక సీట్లో కూర్చో బాబాయ్. ఎవతో చూద్దాం."

సాయంత్రం మలుపు రాగానే, "చేతులు తియ్యండి," అంది భర్తతో.

"గుద్దేస్తుందే."

"మీకేం భయం? లోపం బండిదేనంటారుగా."

తీశాడు. స్టీరింగు దానంతటదే తిరిగింది. బండి పిల్లి మీసానికి తగలకుండా తప్పుకుని, సైకిలుకి దారిచ్చి, ఒక మేడ ముందు ఆగింది.

ఆవిడ మెట్లన్నీ ఒక్క అంగలో ఎక్కింది. తలుపుకి తాళం. కిటికీలోంచి చూస్తే చీర లేదు, దువ్వెన లేదు. ఖాళీ గది, ఒక కుర్చీ.

"ఎవరిదిది?" అంది వెనకే ఎక్కొచ్చిన భర్తతో.

"నాదే. అద్దెకు తీసుకున్నా."

"ఎవరికోసం?"

"ఎవరూ లేరు. వచ్చి కూర్చుంటాను. ఇక్కడ నన్నెవరూ వాసన చూడరు."

ఎవతైనా ఉండుంటే తిట్టడానికి మాటలకు కొదవా? కుర్చీని ఏమని తిడుతుంది? చెయ్యి చాపింది. ఆయన కారు తాళాలిచ్చి, తలుపు తీసుకుని గదిలోకెళ్లాడు.

ఆవిడ బండి తిప్పింది. పెద్దరోడ్డు ఎక్కగానే, ఎన్నడూ లేనిది, ఆవిడ చేతిలో స్టీరింగు కుడికి లాగింది.

"ఇల్లు తిన్నగా పోతే కదమ్మా," అన్నాడు బాబాయి వెనకనుంచి.

"తెలుసు," అంది, పట్టు సడలిస్తూ.

ఆ కుడి రోడ్డున పోయిన మనిషి మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు. కోతలంటారా? ఊరి చివర దిగి నడిచొచ్చినవాడున్నాడు, అడగండి: పానా బాబాయి.