పంతొమ్మిది సెంటీమీటర్ల చెత్త

నేను ఒక అనుమానపు పుట్టను. కాగితాల్లో పేరు సెన్సర్. గుండ్రంగా, అరచేతిలో పట్టేటంత ఉంటాను. నా కాపురం చెత్తకుండీ మూతకు లోపలివైపు. నాకు కళ్ళు లేవు, ముక్కు లేదు. ఈ ఉద్యోగంలో ముక్కు లేకపోవడం పెద్ద వరం. ఉన్నవి గొంతు, చెవి. పది నిమిషాలకోసారి మనుషులకు వినపడని కేక ఒకటి కిందికి వేస్తాను. అది చెత్తకు తగిలి ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసి కుండీ ఎంత నిండిందో చెప్తాను. నాకు కొలతే తప్ప కలత తెలియదు.

నన్ను తయారుచేసినచోట దేన్నీ తేలిగ్గా నమ్మవద్దని నేర్పారు. అలా ఉగ్గుతోపాటు అనుమానం తాగిన నన్ను, నాలాంటి మరో రెండొందల మందితో కలిపి, తెలివైన నగరం కాబోతున్న ఒక సముద్రతీరపు ఊరికి పంపారు. మా అంకెలన్నీ కార్పొరేషన్ మూడో అంతస్తులోని కంప్యూటరుకు చేరతాయి. అక్కడివాళ్ళు దాన్ని పెద్దబుర్ర అంటారు. కృత్రిమ మేధకు అంకెలే మేత. మేసి, నెమరేసి, ఏ కుండీకి లారీ వెళ్ళాలో, ఏ వీధికి ఎందరు ఊడ్చేవాళ్ళు కావాలో తేలుస్తుంది.

నాకు దక్కింది సున్నపుబట్టీ వీధి. పధ్నాలుగేళ్ళుగా దాన్ని ఊడుస్తున్న మనిషి పైడమ్మ.

మొదటి నెలంతా నా కేకలు అడుగుదాకా వెళ్ళి తిరిగొచ్చాయి. ఈ వీధివాళ్ళు చెత్త పారేస్తారా, దాచుకుంటారా అని నాకు అనుమానం. చప్పుళ్ళను బట్టి మెల్లగా తెలిసింది. స్కూటరు ఆగదు, కాస్త నెమ్మదిస్తుంది. ఒక సంచి గాల్లోకి లేచి, కుండీ పొట్టకు తగిలి, కింద పడుతుంది. నడిచొచ్చేవాళ్ళు పదడుగుల దూరం నుంచే గురి చూస్తారు. మూత ముట్టుకుంటే చెయ్యి మైలపడుతుందట. కాలితో తొక్కితే మూత లేచే పెడలు ఒకటుండేది, రెండోరోజే ఊడింది. కుండీ బయట గుట్ట, లోపల గాలి. నేను చిత్తశుద్ధితో ఖాళీ అనే చెప్పాను.

పెద్దబుర్ర నమ్మింది. ఈ వీధిలో చెత్తే లేదని లారీని మానిపించింది. కార్పొరేషన్‌వాళ్ళొచ్చి, వీధి మొదట్లో గుట్ట కనపడనిచోట నిలబడి, ‘ఆదర్శ వీధి’ అనే రేకుబోర్డు పైడమ్మ చేతికిచ్చి ఫొటో దిగారు. ఆదర్శం వచ్చింది, లారీ అదృశ్యమైంది. అంతటితో ఆగినా బాగుండేది. చెత్తలేని వీధికి ఊడ్చే మనిషెందుకని, ఒకటో తారీఖు నుంచి పైడమ్మను హార్బరు అవతలి వార్డుకు మార్చమంది. తెల్లవారుజామున అయిదింటికి అక్కడ హాజరు పడాలి. ఆ వేళకు ఇటునుంచి మొదటి బస్సే బయలుదేరదు. మూడుసార్లు హాజరు తప్పితే పనిలోంచి తీసేస్తారు.

ఆ కబురు తెచ్చింది దాలినాయుడు మేస్త్రి. ఊడ్చేవాళ్ళందరి మీదా అజమాయిషీ ఆయనదే. పైడమ్మ వాదించలేదు. ఆ బుర్రకి ఈ సంగతి ఎవరు మోస్తున్నారని మాత్రం అడిగింది. ఆయన మూత ఎత్తి నన్ను చూపించాడు.

“ఈ అప్పడమా నా పని తీసేది?” అంది.

మర్నాడు పొద్దున్న ఆరుంబావుకి మూత లేచింది, పడింది. కేక వేశాను. పంతొమ్మిది సెంటీమీటర్లకే తగిలి వెనక్కొచ్చింది. అంటే కుండీ నిండిపోయింది, ఒక్క నిమిషంలో. నాకు ఒళ్ళంతా అనుమానం. నిజమైన చెత్త మెల్లగా అణుగుతుంది, కుక్కలు లాగితే కదులుతుంది. ఇది రాయిలా ఉంది. పెద్దబుర్ర పంపిన లారీ మలుపులో హారన్ కొట్టగానే మూత లేచింది, ఆ పంతొమ్మిదీ మాయమైంది. పైడమ్మ బయటి గుట్టంతా లారీకి ఎత్తించింది. తెల్లారితే మళ్ళీ పంతొమ్మిది. పదిరోజులు ఇదే వరస. నేనూరుకుంటానా? అంకె పక్కన ‘అసహజం’ అని రోజూ చేర్చాను. కొండేలు చెప్పడం కూడా నా కొలువే.

పదకొండో రోజు మేస్త్రి, కంట్రోల్‌రూమ్ ఇంజినీరు హిమజ కలిసి వచ్చారు. ఎవరిదో చెప్పు గుట్టలో కూరుకుపోయిన చప్పుడు, “అబ్బా” అని హిమజ గొంతు. మేస్త్రి మూత ఎత్తి, కుండీ మూతికి అడ్డంగా ఉన్నదాన్ని పైకి చదివాడు.

“ఆదర్శ వీధి... ఏటమ్మా ఇది?”

“బోర్డు బాబూ, మీరిచ్చిందే,” అంది పైడమ్మ, చీపురు ఆపకుండా. “బయటెడితే చెత్తలో కనబడతల్లేదు. లోపలెట్టినాను.”

“ఇది మోసం. పని పోద్ది తెలుసా?”

“అది నిండినాదంటే లారీ వచ్చింది. నెల్లాళ్ళు నాను సెప్తే వచ్చినాదా?”

హిమజ కుండీ చుట్టూ ఒక చెప్పుతో టక్కు టక్కుమని తిరిగింది. బోర్డు సంగతి రాస్తే ఈమె పని పోతుందని మేస్త్రి గొంతు తగ్గించి అన్నాడు.

“సెన్సర్ చెడిపోయిందని రాస్తానండీ,” అంది హిమజ. “సెన్సర్ లేని కుండీకి రోజూ లారీ వస్తుంది. ఆ వీధిలో మనిషినీ కదపరు.”

నాలుగు మరలు విప్పారు. పుట్టాక ఒక్క అబద్ధమూ ఆడని నా వీపు మీద స్కెచ్‌పెన్నుతో ఏదో గీశారు.

ఇప్పుడు స్టోరుగదిలో, పాతసామాను మధ్య ఒక అట్టపెట్టెలో ఉన్నాను. నాతోపాటు ముప్పయ్యొక్క వీధుల నుంచి వచ్చిన ముప్పయ్యొక్క మంది. అందరి వీపుల మీదా ‘నమ్మరాదు’ అనే ఉందని, రాతంతా ఒకే చేతిదని, గుమస్తా చదువుకుంటుంటే విన్నాను. ఒక్కొక్కరినే పరీక్షగా విన్నాను. చెడినవాడు ఒక్కడూ లేడు. ఊళ్ళో ఇంతమంది పైడమ్మలున్నారా, ఆ అమ్మాయికి ఇన్ని చెప్పులు పోయాయా? నా అనుమానం తీరదు.

బ్యాటరీ ఇంకా ఉంది. పది నిమిషాలకోసారి అందరం కేక వేస్తున్నాం. పెట్టెమూత మా నెత్తినే ఉంది కాబట్టి అందరికీ ఒకటే జవాబు: నిండిపోయింది. లారీ మాత్రం ఇంకా రాలేదు.