తెర వెనక పిలుపు

ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ అనుకుని శంకరమ్మ దాచుకున్న పట్టుచీరే కట్టుకుంది. ధర్మవరం నుంచి పెనుకొండకు బస్సెక్కి వచ్చింది మొగుడి గొంతు వినడానికి మరి! దేవప్ప పోయి మూడేళ్లు. తోలుబొమ్మలాటలో పేరుమోసిన పాటగాడు. అతని బొమ్మలు ఇప్పుడు పెనుకొండ ఆర్ట్ మ్యూజియంలో అద్దాల వెనక వేలాడుతున్నాయి. ఎప్పుడో ఒక ఆటలో రికార్డు చేసిన పాత క్యాసెట్టు ఒక్కటి మిగిలితే, అదీ అక్కడికే చేరింది. దాన్ని ఈ రాత్రి డీజే సంగీతంలో కలిపి వినిపిస్తామని మ్యూజియం వాళ్లు కబురు పెట్టారు.

నిజం చెప్పాలంటే ఆమెకు పాట అక్కర్లేదు. దేవప్ప ఇంట్లో ఏనాడూ పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఏమే", "ఇదో", అంతే. తెర వెనక మాత్రం చరణం అయిపోగానే, తరువాతి బొమ్మ అందించమని "శంకరమ్మా!" అని కేకేసేవాడు. పాటలో మునిగినవాడికి సిగ్గెక్కడిది! "వస్తాండా!" అంటూ ఆమె బొమ్మ పట్టుకుని ఉరికేది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె పేరు ఆ నోట పలికింది అక్కడే. ఆ కేక క్యాసెట్టులో ఉంది.

మ్యూజియం ఆవరణలో వేసిన వేదిక మీద హిందూపురం డీజే క్రాంతి కుమార్ హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీట నొక్కాడు. స్పీకర్లు దద్దరిల్లాయి. ఆ మోతలోంచి దేవప్ప గొంతు లేచింది. శంకరమ్మకు ప్రాణం లేచొచ్చింది. చరణం ముగుస్తుంటే చెవులు రిక్కించింది.

"వస్తాండా! వస్తాండా! వస్తాండా!"

తన గొంతే. కేక లేదు. రెండో చరణం తరువాతా అంతే. జనం చేతులెత్తి "వస్తాండా!" అని ఊగిపోతున్నారు. అయ్యో, ఇదేం ఖర్మ అనుకుంటూ ఆమె అందరినీ తోసుకుని క్రాంతి దగ్గరకు పోయింది.

"ఏమబ్బా, చరణం కాడ మా ఇంటాయన నన్ను పిలుస్తాడు గదా! ఆ పిలుపు యాడ?"

"అదా అవ్వా? పాటకు అడ్డమొస్తాండాదని తీసేసినా. నీ మాట మాత్రం బీటుకు బలే కుదిరింది."

"క్యాసెట్టులో ఉంటాది గదా? అదన్నా ఇయ్యప్పా."

"అది మిషన్లోనే నలిగిపాయ. కంప్యూటర్లో కూడా..." అతను ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "లేదవ్వా. తెలీక చేసినా."

  క్రాంతి కళ్లలో నీళ్లు తిరిగాయి. గబుక్కున మైకు అందుకున్నాడు.

"ఆ పిలుపులో పేరు సరిగ్గా వినలే. నీ పేరేందవ్వా? ఇప్పుడే మైకులో నేను పిలుస్తా."

"నువ్వు పిలిస్తే ఆయప్ప పిలిచినట్టయితాదా నాయనా?"

స్పీకర్లో ఆమె గొంతు ఇంకా మోగుతూనే ఉంది. శంకరమ్మ వేదిక మెట్టు మీద కూలబడి కొంగుతో చెవులు మూసుకుంది.

"ఆపప్పా, నీకు దండం పెడతా," అంది. "ఎవురూ పిలవకుండానే వస్తాండా వస్తాండా అని ఎట్ల అరుస్తాండానో చూడు."