డౌన్‌టౌన్‌లో బిగించిన తలుపు

డౌన్‌టౌన్ అంట, దీని మొహానికి డౌన్‌టౌన్ ఒకటి, మొన్నటిదాకా ఇవి రొయ్యల గుంటలు, వాటి గట్లమీద సర్కారు తుమ్మ, ఇప్పుడు గేటు ముందర ఎక్కడినుంచో తెచ్చిన నాలుగు ఖర్జూరం చెట్లు నాటి, అవి పడిపోకుండా కర్రలు ఊతం పెట్టి, సాగర్ డౌన్‌టౌన్ అని ఇంగ్లీషులో రాసేస్తే ఊరైపోతుందా, అనుకుంటూ మీరా మొహిద్దీన్ మోకాళ్లమీద కూర్చుని తలుపు అంచులో తాళం దిగే గాడిని ఉలితో చెక్కుతున్నాడు, మూడో అంతస్తు, కొనేవాళ్లకు చూపించడానికని ముందుగా కట్టిన ఫ్లాటు, పడగ్గదికి కిటికీ ఉంది గానీ దానికి పొద్దున్నే తెర లాగేసింది భానుప్రియ, ఫ్లాట్లు అమ్మే పిల్ల, ఎందుకమ్మా చీకటి చేస్తావు పనికి అంటే, తెర తీస్తే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడతాయన్నా, పార్టీలు వెనక్కి పోతారు అనింది, పోతే పోనీ, ఎవడు రమ్మన్నాడు వీళ్లని, ఇప్పుడు హాల్లో తిరగతావుండే ఈ నిక్కరు మొగుణ్ణి, నల్లద్దాల పెళ్లాన్ని, బెంగుళూరులో ఈ రేటుకి బాత్రూం కూడా రాదు అంటాడు వాడు, చెన్నైలో నీళ్లు కొనుక్కోవాలి, హైదరాబాదులో ఆఫీసుకి పోయి రావడానికే సగం రోజు పోతుంది, తిరుపతిలో జనం, నెల్లూరే బెటరు అంటుంది ఆమె, బెటరంట, సంతలో వంకాయల్ని నొక్కి చూసినట్టు ఊళ్లని నొక్కి చూస్తావుండారు, మీరు బెటరు అన్న ప్రతిసారీ ఇక్కడ అంకణం నేల ధర ఒక మెట్టు ఎక్కుతుందమ్మా తల్లీ, ఆ మెట్టు మా వీపు, అని ఉలిని ఒక్క పోటు గట్టిగా పొడిచాడు, చెక్క పెచ్చు లేచింది, భానుప్రియ తొంగిచూసి, అన్నా సౌండ్ తగ్గించు, సార్ వాళ్లు మాట్లాడుకుంటావుండారు అనింది.

మాట్లాడుకోనీ, అతనికి తెలీని ఊళ్లా అవి, చెన్నై పల్లావరంలో బావమరిది అన్వర్ ఇంటి వరండాలో రెండు నెలలు పడుకుని పోరూరు దాకా పనికి పోలేదా, బిందెల వరసలో నిలబడి అరవ ఆడోళ్లతో తిట్లు తిన్లేదా, బెంగుళూరులో కట్టే బిల్డింగులోనే సిమెంటు సంచుల మీద పడుకుంటే ఆ చలికి వేళ్లు వంగక ఉలి జారి బొటనవేలు తెగలేదా, హైదరాబాదులో మేస్త్రీ మూడు వారాలు పని చేయించుకుని ఫోనెత్తడం మానేయలేదా, ప్రతిసారీ తిరిగి నెల్లూరు పక్కనుండే ఈ ముత్తుకూరుకే వచ్చినాడు, బస్టాండు వెనక జయరామయ్య పెంకుటింటికే, పంతొమ్మిదేళ్ల బాడుగ ఇల్లు, వచ్చి పదిరోజులు తిరక్కముందే మళ్లీ మొదలు, థూ ఇదొక ఊరా, ఆరేసిన గుడ్డలమీద బూడిద, చెన్నై అయితే పనికి లోటుండదు, బెంగుళూరు అయితే పనికి విలువుంటుంది అని పెళ్లాం జైతూన్‌బీ ముందర లెక్కలు, పల్లావరంలో ఉంటే ముత్తుకూరు మేలు, ముత్తుకూరులో ఉంటే పల్లావరం మేలు, కానీ అది వేరే, తను పొట్టకోసం పోల్చుకున్నాడు, ఈ నిక్కరు నాయాలు షోకుకోసం పోలుస్తాడు, రెండూ ఒకటెట్లా అవుతాయి, తాళం గాడిలో సరిగ్గా కూర్చుంది, మరలు బిగించాడు, లోపలివైపు పిడి ఇంకా రాలేదు, స్టోరులో ఉందంట, బయటినుంచి తాళం చెవితోనే తెరుచుకుంటుంది.

మీరా, నువ్వా, అన్న గొంతు విని తలెత్తితే జయరామయ్య, తెల్ల పంచె, చంకలో కాగితాల సంచి, ఈయనకేం పని ఇక్కడ, భానుప్రియ ఎదురొచ్చి, రండి సార్, మీ ఫ్లాటు కూడా అచ్చం ఇట్లాగే వస్తుంది, అదిగో మాస్టర్ బెడ్రూం, చూస్తావుండండి, వీళ్లని కారు దాకా దింపి వస్తా అని బెంగుళూరు జంటతో మెట్లు దిగింది, మీ ఫ్లాటు అంటుందేంది అన్నా అన్నాడు మీరా, అది గాదురా, ఇంటికొచ్చి చెప్దామనుకున్నా, ఆ పెంకుటిల్లు ఇచ్చేసినా, పోర్టు వాళ్లకు గదులు కట్టి బాడుగలకిచ్చే మనిషి కొన్నాడు, ఇంక మోకాళ్లు సాగటం లేదు, లిఫ్టుండే చోటు కావాలనింది మీ వదిన, శ్రావణం దాకా టైం అడిగినాలే నీకు, అంటూనే మీరా పక్కనించి లోపలికి పోయి మంచం చూస్తున్నాడు, పరుపు నొక్కి చూస్తున్నాడు, మీరా నెత్తిమీద కప్పు అమ్మి ఈ పరుపు కొంటున్నాడు, శ్రావణం దాకా టైమంట, పంతొమ్మిదేళ్లు ఒక్క నెల ఆపకుండా బాడుగ కట్టినోడికి బిచ్చమేసినట్టు మూడు నెలలు, మీరా చెయ్యి తలుపుమీదే ఉంది, తోశాడో, అదే మూసుకుందో, తాళం టక్కుమని పడింది.

ఒరే మీరా, తలుపు పడిందిరా, అని లోపల్నించి, తాళం చెవి మీరా పిడికిట్లో, దాని పళ్లు గుచ్చుకునేంత గట్టిగా, ఉండు, కాసేపుండు, తెర వేసిన గదిలో, తలుపు తీసేవాడు ఇంకొకడైతే ఎట్లుంటుందో నీకూ తెలియాలి, మీరా, పిడి లేదురా ఇక్కడ, గొంతులో చిన్న వణుకు, అతనికి బాగుంది ఆ వణుకు, చాలా బాగుంది, ఒక్క మాట చెప్పకుండా అమ్మేస్తావా అన్నా, నన్ను అడగాల్సిన పని లేదా, అని తలుపుతోనే అన్నాడు, ఆయన తలుపు దగ్గరికొచ్చి మెల్లిగా, అడగలేదా నిన్ను, పోర్టు కొత్తల్లో ఒకసారి, కరోనా పోయినాక ఒకసారి, ఉన్న రేటుకి తీసుకో, విడతలుగా కట్టుకో అంటే, ఈ బూడిద ఊళ్లో ఇల్లెవడు కొంటాడన్నా, నేను మద్రాసు పోయేవాణ్ణి అన్నావా లేదా, అన్నాడు జయరామయ్య, అనింది నిజమే, తనే వరండాలో నిలబడి నవ్వుతూ అన్నాడు, నిన్ను అడిగింది రెండుసార్లేరా, మీ ఆమె మాత్రం ఏటా వచ్చేది, రంజాన్ సేమ్యా గిన్నె తెచ్చి మీ వదిన చేతికిచ్చి నాతో, అన్నా ఆయన మనసు మారుతుంది, ఇల్లు వేరే ఎవురికీ ఇయ్యబాకండి అని చెప్పి పోయేది, ఆమె మాట మీదే ఇన్నేళ్లు ఎంతమంది వచ్చినా ఆపినా, ఈ ఏడు రాలేదు, ఒకరోజు నేనే పోయి అడిగినా, అమ్మా మీరు తీసుకుంటారా అని, ఇంక మాకోసం ఆపొద్దులే అన్నా అనింది, ఆ తర్వాతనే బయానా తీసుకున్నా, తలుపు తియ్యరా నాయనా, ఉక్కపోస్తావుంది.

తలుపు తీశాడు, ఎట్లా తీశాడో చేతికే తెలియాలి, జయరామయ్య కండువాతో మొహం తుడుచుకుంటూ, ఏంది, తాళం పట్టేసిందా అన్నాడు, పట్టేసిందన్నా అన్నాడు మీరా, ఆయన నమ్మినాడో లేదో, భుజం మీద ఒక చెయ్యి వేసి మెట్లవైపు పోయినాడు, మీరా మళ్లీ మోకాళ్లమీద కూర్చుని రాలిన చెక్క పెచ్చులు ఏరుతున్నాడు, ఈ ఏడు రాలేదు, ఎప్పుడు మానేసింది జైతూన్, సంక్రాంతి ముందర అన్వర్‌తో ఫోన్లో పల్లావరం బాడుగలు మాట్లాడుతుంటే, ఎప్పట్లాగా వచ్చి ఎదురుగా కూర్చుని పోట్లాడలేదు, వంటింట్లోకి పోయి బియ్యం కడుక్కుంది, ఏమంటావే, పోదామా అంటే, నీ ఇష్టం అనింది, వెనక్కి తిరక్కుండా అనింది, ఇన్నాళ్లకి దీనికి బుద్ధొచ్చిందని ఎంత సంబరపడినాడు ఆ పూట, అన్వర్‌కి మళ్లీ ఫోన్ చేసి మీ అక్క ఒప్పుకుందిరా అని కూడా చెప్పినాడు, ఒప్పుకుందంట, ఆ రెండు గదుల్ని తన ఊరు అనుకున్న ఒకే ఒక్క మనిషి, మొగుడు ఎప్పటికైనా వచ్చి అందులో దిగుతాడని ఏటా గిన్నె పట్టుకుని పోయిన మనిషి, ఆ పూట ఆశ వదులుకుంటే, అతను దాన్ని సరే అనుకున్నాడు, బయానా తర్వాత ఎప్పుడో ఇచ్చుంటాడు ఆ కొన్నవాడు, ఇల్లు అమ్ముడుపోయింది మాత్రం ఆమె నీ ఇష్టం అన్న ఆ పూటే, అమ్మింది మీరా మొహిద్దీనే.