నీళ్లు పోసిన చెయ్యి

"సరదాగా బయటికెళ్తున్నాం, కాస్త నవ్వు మొహం పెట్టు," అన్నారు మా ఆయన కారు హారన్ కొడుతూ. అప్పటికి నేను నీళ్ల సీసాలు నింపి, అత్తయ్య మోకాళ్ల నూనె వెతికి, పాపకి మారు బట్టలు సర్ది, పొద్దుటి గిన్నెలు కడిగి, గ్యాస్ కట్టేశానా లేదా అని మళ్లీ ఒకసారి వంటింట్లోకి వెళ్లొచ్చాను. కారులో కూర్చున్న ముగ్గురూ నా వంక విసుగ్గా చూశారు. ఎప్పుడూ నావల్లే ఆలస్యం. పనంతా ఒకరి నెత్తినే ఉంటే ఆలస్యం మాత్రం ఇంకెవరి వల్ల అవుతుంది?

ఈ షికారు నాకు లంచం. కొన్నాళ్లుగా ఇంట్లో ఒకటే పాట, నేను ఉద్యోగం మానేయాలని. అత్తయ్య మోకాళ్లు, పాప చదువు, ఆయన బీపీ, అన్నిటికీ మందు నేను ఇంట్లో ఉండటమేనట. నేను పళ్ల ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల మీద పింగాణీ పళ్లు తయారుచేస్తాం. పళ్లన్నీ తెల్లగానే ఉంటాయనుకుంటారు గానీ, పక్క పంటితో కలవాలంటే కాస్త పసుపు కలపాలి, కాస్త బూడిద కలపాలి, అంచున చిన్న మెరుపు తేవాలి. నా బల్ల, నా దీపం, నా సన్న కుంచె. అక్కడ నన్ను ఎవరూ మధ్యలో లేపరు. "ఊరందరికీ పళ్లు పెట్టింది చాలు, ఇంట్లోవాళ్ల పళ్ల కిందకి ఏదైనా చేసిపెట్టు," అని ఆయన జోకు. అత్తయ్య ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వుతుంది. నేను సరేననలేదు, కుదరదనీ అనలేదు. గొడవ పెద్దదైతే ఆ బల్ల నిజంగానే పోతుందని భయం.

మేం వెళ్లిన 'పాతకాలం పల్లె' అంటే ఊరి చివర కట్టిన ఉత్తుత్తి ఊరు. టికెట్టు కొని లోపలికెళ్తే మట్టి గోడలు, చెక్క తలుపులు, నీళ్లు లేని బావి. దుకాణాల్లో కుండలు, చెక్క గరిటెలు, పక్కనే కార్డు గీకే మిషన్. ప్రతి ఆదివారం సాయంత్రం పంటల పండగట. పంట ఎక్కడా కనబడలేదు గానీ, డప్పులవాళ్లు నీడలో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఆయన నాకు ఒక రాతి రోలు కొన్నారు. "మిక్సీలో ఆ రుచి రాదు. ఇక నీకు తీరికే కదా," అన్నారు. చిన్నదే అయినా బరువుంది. దాన్ని చంకనేసుకుని నడిచాను.

అక్కడ పాతకాలపు బట్టలు అద్దెకిచ్చి ఫోటో తీస్తారు. ఆయనకి తలపాగా, పెద్ద కుర్చీ. అత్తయ్యకి పీట. నాకు ముతక బట్టలు, నెత్తిన గుడ్డ. "మీరు అయ్యగారి వెనక నిలబడండమ్మా. కళ్లు కిందికి. ఆ రోజుల్లో అంతే," అన్నాడు ఫోటోగ్రాఫరు. పాప చేతికి ఓ చిన్న చీపురిచ్చి నా పక్కన నిలబెట్టాడు.

"నాకూ కుర్చీ కావాలి," అంది పాప.

"ఆడపిల్లకి కుర్చీ ఎందుకే, బంగారం," అంది అత్తయ్య ముద్దుగా. ఆ ముద్దుకి నాకు ఒళ్లు మండిపోయింది. అయినా కళ్లు ఎత్తలేదు. పాప చీపురు తిప్పుకుంటూ నన్నే చూస్తోంది, అమ్మ ఏమైనా అంటుందేమోనని. అమ్మ నెత్తిన గుడ్డ సర్దుకుంది.

అవే బట్టల్లో భోజనాల వసారాకి వెళ్లాం. నేను చేతులు కడుక్కుని వస్తుంటే, ఓ బల్ల దగ్గర ఒకాయన తలెత్తకుండా గ్లాసు నావైపు చాపి, "నీళ్లు," అన్నాడు. పక్క గూట్లో కూజా ఉంటే తీసి పోశాను. వాళ్లావిడకి పోశాను, పిల్లలకి పోశాను. చల్లనివి లేవా అంటే లోపలికెళ్లి చల్లనివి తెచ్చాను. చివరికి వాళ్లావిడే నా చేతి గడియారం చూసి, "అయ్యో, మీరు ఇక్కడ పనిచేసేవాళ్లు కాదా?" అంది. అవతలి బల్ల దగ్గర మావాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు.

నాకు నవ్వు రాలేదు. బట్టలు చూసి అతను పొరబడ్డాడు సరే, నాకేమైంది? ముక్కూ మొహం తెలియనివాడు నీళ్లంటే నా చెయ్యి నన్ను అడక్కుండానే లేచింది. చల్లనివి తేవడానికి వెళ్లినప్పుడు కూడా ఇదేంటని అనిపించలేదు. నేను లోపల ఎక్కడో ఉన్నాననీ, ఇంట్లో ఏం చేసినా ఆ మనిషి అలాగే ఉంటుందనీ ఇన్నేళ్లు నమ్ముకున్నాను. ఇప్పుడు వెతికితే ఆమె లేదు.

"చూశావా, నీ చెయ్యి ఊరుకోదు," అన్నారు ఆయన, కళ్లు తుడుచుకుంటూ. "అందుకే మీ ల్యాబ్ సార్‌కి నిన్ననే ఫోన్ చేసి చెప్పేశా, రేపట్నుంచి రాదని. నీకసలే మొహమాటం. నువ్వయితే చెప్పలేవు."

నేను వసారా వెనక్కి వెళ్లాను. అక్కడ బోర్లించిన కుండ మీద ఒకామె కూర్చుని, డబ్బా విప్పుకుని తింటోంది. పొద్దున పాతకాలపు వంటింట్లో పొయ్యి ఊదుతూ ఫోటోలకి నవ్వినామె. "ఇక్కణ్నుంచి చూశా. ఆ నీళ్లు పోసే పని నాది మేడమ్," అంది. "నా తిండి వేళ కాబట్టి వేరేవాళ్లు చూసుకోవాలి. మీరెందుకు పోశారు?"

అక్కడే, ఆమె ఎదుటే, ల్యాబ్ సార్‌కి ఫోన్ చేశాను.

"మీ ఆయన అంత గట్టిగా చెబితే నీ మాటేననుకున్నానమ్మా," అన్నారు సార్. "పగటి బల్ల కొత్తమ్మాయికి ఇచ్చేశాను. సాయంత్రం షిఫ్టు ఒకటే ఉంది. మీ ఇంట్లో కుదురుతుందా?"

ఎప్పుడూ అడిగే ప్రశ్నే. వంట వేళ, పాప హోంవర్కు వేళ, అత్తయ్యకి నూనె రాసే వేళ అన్నీ కళ్ల ముందు తిరిగాయి. కుదరదు. ఏ విధంగానూ కుదరదు. "వస్తాను సార్," అన్నాను.

తిరిగి వెళ్లి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. రేపు సాయంత్రం నుంచి డ్యూటీకి వెళ్తున్నానని చెప్పాను. అత్తయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరి రాత్రి వంటో?" అంది. ఆయన చుట్టుపక్కల బల్లల వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, ఏ గొడవనైనా అక్కడికక్కడ పూడ్చేసే మాట అన్నారు. "ముందు తిను. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్తే నాకు మాట్లాడే తీరిక ఉండదండీ," అన్నాను. "ఇక్కడే మాట్లాడండి."